ఆ పదిహేను వందలు ఎవరివి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాది చిన్న మెషిన్ షాపు. నాలుగు లేత్‌లు, రెండు డ్రిల్లింగ్ మెషిన్లు, ఒక మిల్లింగ్ మెషిన్, పక్క షెడ్డులో వెల్డింగ్. మెస్త్రీతో కలిపి 14 మందిమి. కుర్రాళ్లు దొరకడం లేదు. దొరికినా నాలుగు పనులు వచ్చేసరికి పెద్ద కంపెనీకి వెళ్లిపోతున్నారు. అప్రెంటిస్‌లను పెట్టుకుంటే ప్రభుత్వం సగం డబ్బు మీకు ఇస్తుందని ఈ మధ్య ఒకాయన వచ్చి చెప్పాడు. మనుషులు రాకపోయినా ఫరవాలేదు, పేర్లూ ఆధార్లూ ఇస్తే మిగతాది తాను చూసుకుంటానన్నాడు. కాదంటే ఉన్న హెల్పర్లు ఇద్దరినీ అప్రెంటిస్‌లుగా రాయించమన్నాడు. నాకు మనసొప్పలేదు. ఇంకో సంగతి. మా షాపు ఊడ్చే ఆవిడ కూతురు పదో తరగతి పాసైంది, పద్దెనిమిది నిండాయి, ఇంటర్ మధ్యలో మానేసింది. వాళ్లమ్మ కోసం వచ్చినప్పుడల్లా లేత్ దగ్గర నిలబడి చూస్తూ ఉంటుంది. మా వెల్డర్ తమ్ముడు ఎనిమిదితో ఆపేశాడు, వాడికి పదిహేడు. ఈ ఇద్దరినీ పెట్టుకోవచ్చా? నిజానికి ప్రభుత్వం ఎంత ఇస్తుంది? ఆ అమ్మాయికి లేత్ నేర్పుదామంటే మా మెస్త్రీ నవ్వి ఊరుకున్నాడు. నేను చేస్తున్నది తెలివితక్కువ పనా?
— ఒక వర్క్‌షాప్ యజమాని

జవాబు: తెలివితక్కువ పని కాదండీ. మనసొప్పలేదన్నారు చూడండి, ఆ ఒక్క మాట చదివాకే మీకు వివరంగా రాయాలనిపించింది. నేను ఐటీఐలో ఇరవై ఆరేళ్లు టర్నర్ ట్రేడ్, అంటే లేత్ మీద లోహాన్ని తిప్పి కోసే పని, చెప్పినదాన్ని. మీలాంటి చిన్న షాపుల్లోనే మా పిల్లల్లో సగానికి పైగా పని నేర్చుకున్నారు. అందుకే ఈ విషయం నాకు సొంత విషయం లాంటిది.

ముందు ఆ వచ్చినాయన సంగతి తేల్చేద్దాం. ఆయనకు ఒక్క ఆధార్ జిరాక్సు కూడా ఇవ్వకండి. రాని మనిషిని వచ్చినట్టు రాసి ప్రభుత్వ సొమ్ము తీసుకోవడం మోసం. కాంట్రాక్టు మీద సంతకం మీది, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో సంస్థ పేరు మీది. రేపు ఎవరైనా తనిఖీకి వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే, అప్పుడు ఆయన ఫోను కూడా ఎత్తడు. నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది మరొకటుంది. ఆ రాసిచ్చే పేరు ఎవరో ఒక పేదింటి పిల్లాడిది. వాడి ఆధార్ మీద అప్రెంటిస్‌షిప్ నడిచినట్టు రికార్డులో పడితే, రేపు వాడు నిజంగా నేర్చుకుందామని వెళ్లిన చోట అదే అడ్డం రావచ్చు. వాడికి ఆ సంగతి అప్పటిదాకా తెలియను కూడా తెలియదు.

హెల్పర్ల పేర్లు మార్చి రాయించడం కూడా వద్దు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ పనివాడు కాదు, నేర్చుకునేవాడు. అందుకే అతనికి పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు, జీతానికి బదులు స్టైపెండ్ ఉంటుంది. యజమానికి ఇంత వెసులుబాటు ఎందుకిచ్చారంటే, బదులుగా పని నేర్పుతాడని. ఏళ్ల తరబడి మీ దగ్గర బరువులు మోసిన మనిషిని ఒక్క రాత్రిలో అందులోకి తోస్తే, అతని జీతం కోసి భద్రత తీసేసినట్టే అవుతుంది.

ఇక డబ్బు. సగం అన్న మాట ఆయన ఎక్కడో విన్నదే, కాని అది మీరు చెప్పిన ఇద్దరికీ వర్తించదు. మన దేశంలో అప్రెంటిస్‌ల కోసం చట్టం 1961లో వచ్చింది. మొదట ఐటీఐ స్థాయి ట్రేడ్‌లకే ఉండేది. 1973లో డిగ్రీ, డిప్లొమా ఇంజినీర్లను, 1986లో ఇంటర్ స్థాయి వొకేషనల్ పిల్లలను అందులో కలిపారు. ఇప్పుడు కేంద్రం డబ్బు రెండు దారుల్లో వస్తోంది. డిప్లొమా, డిగ్రీ చదివినవాళ్లది విద్యాశాఖ నడిపే పథకం, నాట్స్ అంటారు. అందులో కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వానిది. డిప్లొమా వాళ్లకు 8,000కి 4,000, డిగ్రీ వాళ్లకు 9,000కి 4,500. రెండోది నైపుణ్యాభివృద్ధి శాఖది, 2016 ఆగస్టులో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం. అందరూ నాప్స్ అనే అంటారు. బడితో చదువు ఆగిపోయినవాళ్లూ ఐటీఐ వాళ్లూ ఇందులోకి వస్తారు. ఇక్కడ ప్రభుత్వ వాటా నాలుగో వంతే, అదీ నెలకు 1,500 దాటదు.

ఇది చదివి మీకేమనిపించిందో నాకు తెలియదు గాని, నాకు మాత్రం ఎప్పుడూ కడుపు మండుతూనే ఉంటుంది. ఎక్కువ చదివిన పిల్లవాడికి సగం, చదువు దొరకని పిల్లకి పావు! ఎవరికి చెయ్యి ఎక్కువ అందించాలో వాళ్లకే తక్కువ అందుతోంది. దీని గురించి చివర్లో ఇంకో మాట చెబుతాను.

మీరు అడగని ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ డబ్బు మీ చేతికి రాదు. మొదట్లో యజమాని పూర్తి స్టైపెండ్ ఇచ్చేసి తర్వాత ప్రభుత్వ వాటాను తిరిగి రాబట్టుకునేవాడు. 2023 ఆగస్టు నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో పడుతోంది. అంటే ఆ పదిహేను వందలు ఆ అమ్మాయివి. మీ ఖాతాకు రావు, ఆ ఏజెంటు ఖాతాకు అసలే రావు. అందుకే ఆమె ఖాతాకు ఆధార్ లింకు అయ్యి ఉందో లేదో మొదటి రోజే చూడండి. మీ వాటా మీరు జమచేసి ఆ వివరం పోర్టల్‌లో ఎక్కిస్తేనే ప్రభుత్వ వాటా కదులుతుంది. మీరు బద్ధకిస్తే అక్కడ ఆమె డబ్బు ఆగిపోతుంది.

లెక్క చెబుతాను. 2019లో పెట్టిన కనీస స్టైపెండ్ ప్రకారం పదో తరగతి పాసైనవాళ్లకు నెలకు 6,000, అయిదు నుంచి తొమ్మిది దాకా చదివినవాళ్లకు 5,000. అమ్మాయికి మీరు 4,500 ఇస్తే ప్రభుత్వం 1,500 వేస్తుంది. అబ్బాయికి మీరు 3,750, ప్రభుత్వం 1,250. ఇద్దరికీ కలిపి మీ జేబులోంచి నెలకు 8,250, ఏడాదికి 99,000. శిక్షణ రెండో ఏడుకి వెళితే స్టైపెండ్ పది శాతం పెరగాలి. ఈ రేట్లను 6,800 నుంచి 12,300 దాకా పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. అందుకని కాంట్రాక్టు రాసే రోజున పోర్టల్‌లో ఏ రేటు కనిపిస్తే దానితో నా లెక్కను మళ్లీ వేసుకోండి. ఇది కనీసం మాత్రమే, ఎక్కువ ఇవ్వడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇద్దరిని పెట్టుకోవచ్చా అంటే, మీ సంఖ్యకు సరిగ్గా సరిపోతుంది. 30 మంది, ఆపైన ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్నవాళ్లకు అది ఐచ్ఛికం. తీసుకుంటే మొత్తం సిబ్బందిలో 15 శాతం మించకూడదు. 14 మందికి 15 శాతమంటే 2.1, అంటే ఇద్దరు పడతారు.

మీకు అసలు ఖర్చు స్టైపెండ్ కాదు, ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. మొదటి మూడు నెలల్లో పాడయ్యే రాడ్లు, విరిగే టూల్ బిట్లు, అన్నిటికన్నా మెస్త్రీ సమయం. నెలకు పదిహేను వందలు ఆ నష్టాన్ని పూడ్చవు. కాబట్టి ప్రభుత్వ డబ్బు కోసమే అయితే అప్రెంటిస్‌ని పెట్టుకోకండి, ఆ లెక్క ఎప్పటికీ కలిసిరాదు. రెండేళ్ల తర్వాత మీ షాపులో డ్రాయింగ్ చదవగలిగిన మనిషి ఒకరు కావాలనుకుంటే పెట్టుకోండి.

మరి ఇంత తక్కువకు పోర్టల్, కాంట్రాక్టు ఎందుకు, ఊరికే నేర్పితే పోదా అంటారేమో. మీరూ అలాగే నేర్చుకుని ఉంటారు, ముందు షాపు ఊడ్చి, టీలు తెచ్చి, ఏడాదికో రెండేళ్లకో లేత్ ముట్టుకుని. అలా నేర్చినవాళ్ల చేతిలో బంగారం లాంటి పని ఉంటుంది, కాని చూపించడానికి కాగితం ముక్క ఉండదు. ఇంకో ఊళ్లో గేటు దగ్గర నిలబడితే మళ్లీ హెల్పరే. కాంట్రాక్టు రిజిస్టరై, శిక్షణ పూర్తయి, అఖిల భారత ట్రేడ్ పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. రైల్వేలో లెవెల్ 1, అంటే మొదటి మెట్టు ఉద్యోగాల్లో 20 శాతం ఇలా చట్టప్రకారం అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవాళ్లకు కేటాయించారు. పదిహేను వందల కన్నా ఆ కాగితమే ఆమెకు పెద్ద ఆస్తి.

ఇప్పుడు ఆ అమ్మాయి. పదిలో లెక్కలు, సైన్సు చదివింది కాబట్టి టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్ ఏదైనా ఆమెకు అర్హత ఉన్నట్టే. ఐటీఐకి వెళ్లకుండా నేరుగా చేరేవాళ్లకు ముందు ప్రాథమిక శిక్షణ, ఆ తర్వాత మెషిన్ మీద శిక్షణ ఉంటాయి. ఆ ప్రాథమిక శిక్షణ ఎక్కడ, ఎప్పుడు అన్నది దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి, అప్రెంటిస్‌షిప్ చూసే ఉద్యోగిని అడగండి. ఫోనులో అడిగితే తేలదు, ఒక పూట పని మానుకుని మీరే వెళ్లండి, ఆమెనీ తీసుకెళ్లండి. ఆమె ముందు ఐటీఐ చేసి వస్తానంటే అదీ మంచి దారే. టర్నర్ రెండేళ్లు, ఆ తర్వాత స్టైపెండ్ 7,000 తరగతిలోకి వస్తుంది. కాని వాళ్లమ్మ సంపాదన మీదే ఇల్లు నడుస్తున్నప్పుడు, స్టైపెండ్ లేకుండా రెండేళ్లంటే ఆమెకు కష్టం. ఇంటర్ ఎందుకు మానేసిందో కనుక్కోండి. ఫీజు కోసమైతే ఇప్పుడే చేర్చుకోవడం మేలు.

మీ మెస్త్రీ నవ్వు నాకు కొత్త కాదు. చాలా ఏళ్ల కిందటి మాట. నా బ్యాచ్‌లో ఇద్దరే అమ్మాయిలు. అందులో ఒకతి చెయ్యి ఎంత నిదానమంటే, కొలిచే వెర్నియర్ పెట్టక ముందే టూల్ శబ్దం విని ఎంత కోత పడిందో చెప్పేది. ఒక పెద్ద ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా సీటు వచ్చింది. ఆ రోజు మా వర్క్‌షాప్‌లో అందరం మిఠాయి తిన్నాం. మూడో వారంలో తిరిగి వచ్చేసింది. ఎందుకమ్మా అంటే ఎంతసేపటికీ చెప్పదు. చివరికి చెప్పింది. షాప్ ఫ్లోర్ మీద ఆడవాళ్లకు బాత్రూం లేదు. ఆఫీసు భవనంలో ఒకటుంది, కాని అక్కడికి వెళ్లాలంటే ప్రతిసారీ ఇన్‌చార్జిని అడిగి, గేటు దగ్గర రిజిస్టర్లో రాసి వెళ్లాలి. రోజుకు రెండుసార్లు అడగడానికి సిగ్గుపడి పొద్దున్నుంచి మంచినీళ్లు తాగడం మానేసింది. మూడు వారాలకు జ్వరం, నడుం నొప్పి, ఆసుపత్రి. నేను వెళ్లి అడిగితే ఒక్క అమ్మాయి కోసం కట్టిస్తామా అన్నారు. ఆ తర్వాత ఆమె బట్టల దుకాణంలో బిల్లులు రాసింది. ఆ చెవి, ఆ చెయ్యి ఏమైపోయాయో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఆమెకు స్టైపెండ్ రాక కాదు, ప్రభుత్వ వాటా అందక కాదు. గొళ్లెం ఉన్న ఒక తలుపు లేక ఆ పిల్ల పోయింది. కాబట్టి కాంట్రాక్టు కన్నా ముందు మీరు చూడాల్సింది అది. మీ షాపులో ఊడ్చే ఆవిడ ఇన్నాళ్లూ ఎక్కడికి వెళ్తోందో ఎప్పుడైనా అడిగారా? ఆవిడనే అడగండి, ఏం కావాలో ఆవిడే చెబుతుంది. లోపలినుంచి గొళ్లెం, నీళ్లు, ఒక బల్బు, మూత ఉన్న డబ్బా. ఇవి చేయించి మాట్లాడండి.

బట్టల సంగతి మొహమాటం లేకుండా మొదటి రోజే చెప్పండి. లేత్ దగ్గర చున్నీ ఉండకూడదు, జడ ముడి వేసి టోపీలో పెట్టాలి, గాజులు, ఉంగరం తీసెయ్యాలి, వదులు చేతులు మడవాలి. తిరిగే జాబ్, అంటే కోస్తున్న ముక్క, దగ్గర చేతికి గ్లౌజులు వద్దు. మగపిల్లలకూ ఇదే మాట, వదులు చొక్కా, చేతికి కట్టుకున్న దారాలు కూడా అంతే ప్రమాదం. ఇద్దరికీ ఒకే రకం కోటు, కళ్లజోడు, బూట్లు మీరే కొనిపెట్టండి. ఆరు వేల స్టైపెండ్‌లో బూట్లు కొనుక్కోమంటే ఆ ఇంట్లో ఆ నెల మరేదో ఆగిపోతుంది. బస్సు ఛార్జీ కూడా కలిపి ఇవ్వగలిగితే ఇవ్వండి. ప్రభుత్వ వాటా పడటం ఆలస్యమైన నెలలో సర్దుబాటు చెయ్యండి. నా పిల్లల్లో మానేసినవాళ్లను అడిగితే పని రాక మానేశామన్నవాళ్లు తక్కువ. మొదటి రెండు నెలలూ బస్సు డబ్బులు చూసుకోలేక మానేసినవాళ్లే ఎక్కువ.

అబ్బాయి విషయంలో కొన్ని నెలలు ఆగమంటాను. చట్టం ప్రకారం 14 నిండితే అప్రెంటిస్ కావచ్చు, కాని ప్రమాదకరమైన పనులకు 18 నిండాలి. వెల్డింగ్, గ్రైండింగ్ నడిచే షెడ్డులో పదిహేడేళ్లవాణ్ణి పెట్టి మనసు పీకుతూ కూర్చోవడం కన్నా, పద్దెనిమిది నిండాక చేర్చుకోండి. వెల్డర్ ట్రేడ్‌కి ఎనిమిది చాలు కాబట్టి అర్హతకు ఢోకా లేదు. ఈలోగా ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించండి. పాసైతే స్టైపెండ్ అయిదు నుంచి ఆరు వేల తరగతికి మారుతుంది, ఫిట్టర్, టర్నర్ దారులు కూడా తెరుచుకుంటాయి. వాళ్ల అన్న మీ దగ్గరే ఉన్నాడు కదా, అతనికి చెప్పి ఒప్పించండి. అన్న మాట వినని వయసైతే మీరే పిలిచి చెప్పండి.

కాంట్రాక్టు రాసేటప్పుడు మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టైపెండ్ మరుసటి నెల 10వ తేదీ లోపు పడాలి. అప్రెంటిస్‌కి పీస్ రేటు మీద, అంటే చేసిన ముక్కల లెక్కన, డబ్బు ఇవ్వకూడదు. మీ షాపులో పీస్ రేటు అలవాటు ఉండే ఉంటుంది, వీళ్లను అందులో కలపకండి. పీసుల వెంట పరుగెత్తేవాడు నేర్చుకోడు, చెయ్యి కోసుకుంటాడు. అప్రెంటిస్‌షిప్ అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ కూడా చేయించకూడదు. ఆర్డరు తొందరలో ఉన్న రాత్రి ఈ రూలు మీకు కష్టంగానే ఉంటుంది, అయినా ఇంటికి పంపెయ్యండి. పని చేస్తూ గాయమైతే పరిహారం బాధ్యత యజమానిదే, పనివాళ్లకు ఎలాగో వీళ్లకూ అలాగే. ఒక నోటు పుస్తకం ఇచ్చి ఏ రోజు ఏం చేసిందో, ఏ కొలత తప్పిందో ఆమె చేతే రాయించండి. వారానికోసారి మెస్త్రీ సంతకం పెట్టాలి. శిక్షణ రికార్డు చట్టమే అడుగుతుంది. అది అలా ఉంచితే, ఆ పుస్తకం తిరగేస్తే ఆమె ఎక్కడ ఆగిపోయిందో మీకే కనిపిస్తుంది.

శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం మిమ్మల్ని కట్టడి చేయదు. ఆమెను కూడా ఉండి తీరాలని కట్టడి చేయదు. మీ భయం తెలుసు, నేర్పాక పెద్ద కంపెనీకి పోతుందేమోనని. పోవచ్చు. కొందరు యజమానులు ఆ భయంతో పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన పిల్లలున్నారు, రైల్వే వెరిఫికేషన్ రోజుకు సర్టిఫికెట్ చేతిలో లేక. జిరాక్సు తీసుకుని ఒరిజినల్ అక్కడికక్కడే ఇచ్చెయ్యండి. ఆమె ఉండాలంటే, శిక్షణ అయిపోయిన నెలలో టర్నర్ జీతం ఎంతో ఇప్పుడే చెప్పండి, చెప్పినంతా ఇవ్వండి. వాళ్లమ్మ పనిచేసే చోటు, ఇంటికి దగ్గర, తెలిసిన మనుషులు. జీతం సరిగ్గా ఉంటే ఆమె వెళ్లడానికి కారణమేముంటుంది?

మెస్త్రీతో ఎలా మాట్లాడాలన్నది అన్నిటికన్నా కష్టమైన పని. ఆయన నవ్వింది అమ్మాయి అని మాత్రమే కాకపోవచ్చు. నేర్పే గంటకు ఆయనకు ఏమొస్తుంది? తన పని వెనకబడుతుంది, పాడైన జాబ్‌కి మాట తను పడాలి, రేపు నేర్చుకున్న మనిషే తన చోటుకు వస్తుందేమోనన్న బెంగ. వీటిలో ఏదీ ఆయన మీకు చెప్పడు, అందుకే నవ్వుతాడు. నేర్పినందుకు ఆయన జీతంలో నెలకు ఇంత అని వేరే కలపండి. చిన్న మొత్తమైనా సరే, నేర్పినందుకే ఇస్తున్నానని చెప్పి ఇవ్వండి. తర్వాత ఆయన్నే అడగండి, మొదటి నెల ఏం నేర్పాలి మెస్త్రీ గారూ అని. ఆయన నోటితోనే రావాలి. నన్నడిగితే, మొదటి నెలంతా చేతిపని చెబుతాను. హ్యాక్‌సాతో కోయడం, ఆకురాయితో ఒక ముక్కను చదునుగా, మూలమట్టంగా తేవడం, వెర్నియర్, మైక్రోమీటర్ చదవడం. రెండో నెల లేత్ ఆపి ఉంచి చక్‌లో, అంటే ముక్కను పట్టి తిప్పే భాగంలో, జాబ్ బిగించడం, విప్పడం. చక్ కీ మీదనుంచి చెయ్యి తీసే లోపు కీ చక్‌లోంచి బయటికి రావాలి, ఇది నిద్రలో కూడా మరిచిపోకూడదు. ఆ తర్వాత 25 మిల్లీమీటర్ల ఎం.ఎస్. (మెత్తటి ఉక్కు) రాడ్డు ఇచ్చి 24కి తెమ్మనండి. మొదటిది 23.6కి వస్తుంది, అందరికీ అలాగే వస్తుంది. ఆ ముక్కను పారెయ్యకుండా తేదీ వేసి గూట్లో పెట్టమనండి. పదో ముక్క పక్కన పెట్టి చూసిన రోజున ఆయన నవ్వు మారుతుంది. మారకపోతే, మిల్లింగ్ చేసే మనిషి దగ్గరికి మార్చండి. మనసు లేని గురువు కింద ఆమెను ఏడాది ఉంచకండి.

చివర్లో చెబుతానన్న మాట. ప్రభుత్వ వాటాకు 1,500 పరిమితి 2016లో పెట్టింది, నేటికీ అదే. ఈలోగా బస్సు ఛార్జీ ఆగిందా, బియ్యం ధర ఆగిందా? బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ నుంచి ఇంకో దారి పట్టారు. ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థల దగ్గర అర శాతం వసూలుచేసి అప్రెంటిస్‌షిప్‌లకు పెడుతున్నారు. నేర్పేది చిన్న షాపు, నేర్చిన చేతులు వెళ్లేది పెద్ద కంపెనీకి అయినప్పుడు, పెద్దవాళ్ల నుంచి కొంత రాబట్టడం న్యాయంగానే కనిపిస్తుంది నాకు. అయితే అక్కడా డబ్బు మెల్లగా పైకి పాకి, మాస్టర్స్ స్థాయి కోర్సులకు వెళ్లింది. చివరికి 2026 జనవరి నుంచి ఆ స్థాయికి ప్రభుత్వ డబ్బును ప్రధానంగా 16 నుంచి 21 ఏళ్లవాళ్లకే పరిమితం చేశారు. ఎక్కడైనా కాపలా లేకపోతే డబ్బు ఉన్నవాడి వైపే పోతుందని దాన్నిబట్టి అర్థమైంది. మన దగ్గర ఐటీఐ చదివినవాళ్లకూ, బడి మానేసినవాళ్లకూ సగం ఇవ్వాలని, అది మొదటి నెల నుంచే పడాలని, పది మంది పనివాళ్ల షాపుకు ప్రాథమిక శిక్షణ ఖర్చు పూర్తిగా ప్రభుత్వమే పెట్టుకోవాలని నేను అడుగుతూనే ఉన్నాను. మీ చిన్న పరిశ్రమల సంఘం ఉంటుంది కదా, ఈసారి సమావేశంలో మీరూ అడగండి. యజమాని నోటినుంచి వస్తే ఆ మాటకు బరువు వేరు.

ఇక రేపటి పని. పొద్దున ఆ అమ్మాయినీ వాళ్లమ్మనీ కూర్చోబెట్టి, స్టైపెండ్ ఎంత, మీ వాటా ఎంత, ప్రభుత్వం వాటా ఎంత, ఏ ఖాతాలో పడుతుందో ఒక కాగితం మీద రాసి చదివి వినిపించండి. వాళ్లమ్మకు చదువు రాకపోయినా ఆ కాగితం ఆవిడ చేతికే ఇవ్వండి. ఆ తర్వాత అమ్మాయిని లేత్ ముందు నిలబెట్టి చూడండి, చక్ మధ్యభాగం ఆమె మోచేతి ఎత్తుకు వస్తోందో లేదో. మన లేత్‌లు పొడుగాటి మగవాళ్ల కొలతకు నిలబెట్టినవి. ఎత్తు చాలకపోతే, జారకుండా పట్టీలు కొట్టిన చెక్క పీట ఒకటి ఆమె చేరే రోజుకు చేయించి పెట్టండి.